కర్ర నీడ, ఫోన్ గడియారం: మీ ఊరి రేఖాంశాన్ని మీరే కనుక్కోవడం ఎలా

హైదరాబాద్‌లో గడియారం పన్నెండు చూపించేసరికి సూర్యుడు ఇంకా నడిమధ్యాహ్నపు గీతను చేరడు. ఏడాది సగటు తీస్తే మరో 16 నిమిషాలు పడుతుంది. అదే క్షణానికి విశాఖపట్నంలో సూర్యుడు ఆ గీత దాటి 3 నిమిషాలు అయిపోతుంది. రెండు ఊళ్ల గోడ గడియారాలు ఒకే వేళ చెబుతాయి, ఆకాశం మాత్రం 19 నిమిషాల తేడా చెబుతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా అంటే ఆ 19 నిమిషాలే. దాన్ని డిగ్రీల్లోకి మార్చుకోవడం ఒక చిన్న భాగహారం.

స్కూల్లో మనకు గ్లోబు మీద నిలువు గీతలు చూపించి, 360 ఉంటాయని, గ్రీనిచ్ దగ్గర సున్నా అని, భారత ప్రామాణిక రేఖాంశం 82½ డిగ్రీలని బట్టీ పట్టించారు. ఆ గీత మీ డాబా మీద ఎక్కడుందో, దాని నంబరు ఎలా వచ్చిందో ఎవరూ చూపించలేదు. ఒక ఎండ రోజు చేతిలో ఉంటే ఆ రెండూ చేయొచ్చు. ఖర్చు దాదాపు ఏమీ లేదు.

ముందు ఈ నాలుగు అంకెలు

భూమి తన చుట్టూ తాను తిరిగే 360 డిగ్రీలకు 24 గంటలు పడుతుంది. కాబట్టి గంటకు 15 డిగ్రీలు, ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. తూర్పున ఉన్న ఊరికి మధ్యాహ్నం ముందు వస్తుంది, పడమట ఉన్న ఊరికి ఆలస్యంగా వస్తుంది. పంచాంగం లెక్కల్లో పెరిగినవాళ్లకు ఇది ఇంకా సుళువు: రోజుకు 60 ఘడియలు, ఘడియకు 24 నిమిషాలు, అంటే ఒక ఘడియ తేడా ఉందంటే 6 డిగ్రీల రేఖాంశం తేడా ఉన్నట్టు.

డిగ్రీ అంటే నేల మీద ఎంత దూరం? భూమధ్యరేఖ మీద సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశ గీతలన్నీ ధ్రువాల దగ్గర కలుస్తాయి గనక, ఉత్తరానికి వెళ్లేకొద్దీ వాటి మధ్య దూరం తగ్గుతుంది. మన 17వ అక్షాంశం దగ్గర డిగ్రీకి 106 కిలోమీటర్లకు కాస్త పైన. కాబట్టి మీరు మధ్యాహ్నం వేళను ఒక నిమిషం తప్పుగా పట్టుకుంటే మీ ఊరు 26, 27 కిలోమీటర్లు పక్కకు జరుగుతుంది. నాలుగు సెకన్ల తప్పుకు ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల మధ్య. ఈ అంకె గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

భారత ప్రామాణిక కాలం గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు. ఐదున్నరను 15తో గుణిస్తే 82.5. ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గర మొదలుపెట్టి ఆ గీతను కిందికి లాగితే మన దగ్గర తుని, అన్నవరం మధ్యలోంచి సముద్రంలోకి దిగుతుంది. ఆ ప్రాంతంలో ఉన్నవాళ్ల గడియారానికీ సూర్యుడికీ సగటున తేడా లేదు. మిగతా మనందరం వాళ్ల మధ్యాహ్నాన్ని వాడుకుంటున్నాం.

సూర్యుడుండగా గడియారం ఎందుకు?

ఈ ప్రశ్నకు సమాధానం తెలియకుండా కర్ర పాతితే లాభం లేదు, కాబట్టి ఒక్క నిమిషం ఆగండి.

అక్షాంశం సంగతి వేరు. ధ్రువ నక్షత్రం క్షితిజం మీద ఎంత ఎత్తులో ఉందో కొలిస్తే మీ అక్షాంశం దాదాపు చేతికొచ్చేస్తుంది. దానికి సహజంగానే సున్నా ఉంది, భూమధ్యరేఖ. రేఖాంశానికి అలాంటి సున్నా ఏదీ లేదు. ఆకాశం మీ ఊరి వేళ ఎంతో చెబుతుంది గానీ అదే క్షణంలో ఇంకో ఊళ్లో వేళ ఎంతో చెప్పదు. రెండోది తెలిస్తేనే తేడా తెలుస్తుంది.

మనవాళ్లు ఉజ్జయిని గుండా పోయే గీతను సున్నాగా పెట్టుకున్నారు. మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం చెప్పిన ఉపాయం చంద్రగ్రహణం: గ్రహణం అందరికీ ఒకే క్షణంలో పడుతుంది, కాబట్టి ఉజ్జయినికి లెక్కగట్టిన వేళకూ మీ ఊళ్లో చూసిన వేళకూ ఎంత తేడా ఉంటే అంత దేశాంతరం, అంటే రేఖాంశం తేడా. చక్కటి ఆలోచన, కాకపోతే గ్రహణం కోసం నెలల తరబడి కాచుకోవాలి. సముద్రం మధ్యలో ఉన్న ఓడకు అంత తీరిక ఎక్కడిది? బ్రిటన్ 1714లో చట్టం చేసి, సముద్రంలో రేఖాంశాన్ని అర డిగ్రీలోపు చెప్పగలిగే పద్ధతికి 20,000 పౌండ్ల బహుమతి పెట్టింది. అర డిగ్రీ అంటే రెండు నిమిషాల కాలం. ఆరు వారాల ప్రయాణంలో గడియారం రోజుకు మూడు సెకన్లకు మించి తప్పకూడదన్నమాట. ఊగే ఓడలో, మారే వేడిలో, ఉప్పుగాలిలో. వడ్రంగిగా మొదలైన జాన్ హారిసన్ దశాబ్దాల పాటు గడియారాల మీద పనిచేసి, నాలుగోదాన్ని 1761లో జమైకా వెళ్లే ఓడ ఎక్కించాడు. 81 రోజుల తర్వాత అది తప్పింది 5 సెకన్లు. బహుమతి సొమ్ము అతని చేతికి రావడానికి మాత్రం ఇంకా ఏళ్లు పట్టింది.

ఈ కథ ఎప్పుడూ ఇంగ్లండ్‌లోనే చెబుతారు గానీ మన పక్కనే ఒక అధ్యాయం ఉంది. 1792లో మద్రాసు నుంగంబాక్కంలో ఈస్టిండియా కంపెనీ వేధశాల, అంటే ఆకాశాన్ని గమనించే కట్టడం, కట్టింది. అక్కడి గ్రానైట్ స్తంభం మీద శాసనం లాటిన్, తమిళంతో పాటు తెలుగులోనూ ఉంది. గోల్డింగ్‌హామ్ అనే ఖగోళజ్ఞుడు గురుగ్రహపు ఉపగ్రహాలు గ్రహణం పట్టే వేళలను గమనించి మద్రాసు రేఖాంశం లెక్కగట్టాడు. తర్వాత దేశమంతా సర్వే చేసినవాళ్లు ఆ మద్రాసు అంకెనే ఆధారం చేసుకున్నారు. రైళ్లు కూడా చాలాకాలం మద్రాసు వేళకే నడిచాయి: గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందు. ఐదున్నర గంటల ప్రామాణిక కాలం 1906 జనవరి 1న వచ్చింది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో డాబా గార్డెన్స్‌లో వేధశాల పెట్టుకున్నారన్నది మన భూగోళ పాఠాల్లో ఎందుకు రాయరో నాకు అర్థం కాదు.

హారిసన్ అన్నేళ్లు కష్టపడి చేసిన వస్తువు కన్నా కచ్చితమైనది ఇప్పుడు మీ జేబులో ఉంది. ఫోన్ వేళను నెట్‌వర్క్ సరిదిద్దుతూ ఉంటుంది. కాబట్టి సగం పని అయిపోయినట్టే. మిగిలిన సగం, మీ ఊరి నడిమధ్యాహ్నం ఎప్పుడో పట్టుకోవడం.

చోటు, సామాను

ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా నీడ పడని చోటు కావాలి. నీళ్ల ట్యాంకు, పక్కింటి పిట్టగోడ, కొబ్బరిచెట్టు ముందు రోజే చూసుకోండి. డాబా మంచిది, అయితే డాబాకి వాన నీళ్లు పోవడానికి వాటం ఇచ్చి ఉంటారు, దాని మీద నేరుగా గీయకండి. ఒక ప్లైవుడ్ చెక్క వేసి, కింద అట్టముక్కలు పెట్టి, రసమట్టంతో రెండు దిక్కులా సమం చేయండి. రసమట్టం ఏ తాపీ మేస్త్రీని అడిగినా ఇస్తాడు. ఫోన్‌లో కూడా ఆ యాప్ ఉంటుంది, కానీ ఫోన్ వీపు మీద కెమెరా ఉబ్బు ఉంటుంది గనక నాకు దాని మీద నమ్మకం లేదు.

పాత గ్రంథాల్లో చెప్పేది 12 అంగుళాల (అక్కడ అంగుళం అంటే వేలి వెడల్పు) శంకువు, అంటే నిటారుగా నిలబెట్టిన కర్ర. అది చాలు. ఒక ఇబ్బంది ఉంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకే కర్ర కొన దగ్గర నీడ అంచు మసకబారుతుంది. కర్ర ఎంత పొడుగైతే మసక అంత ఎక్కువ. మీటరు దూరంలో దాదాపు 9 మిల్లీమీటర్ల మసక ఉంటుంది, దాంట్లో నీడ కొస ఎక్కడని పెట్టాలి?

దీనికి మందు చిన్న రంధ్రం. మందపాటి అట్టకు 2 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, స్టూలు అంచు నుంచి బయటికి పొడుచుకొచ్చేలా టేపుతో అతికించండి. అట్ట పెద్దదిగానే ఉండనివ్వండి. దాని నీడ మధ్యలో గుండ్రటి వెలుగు మచ్చ ఒకటి పడుతుంది. అది సూర్యుడి బొమ్మే. మచ్చకు మధ్య బిందువు గుర్తించడం మసక అంచును గుర్తించడం కన్నా ఎంతో తేలిక. సూర్యుడు ఏ వైపు ఉంటే స్టూలు ఆ వైపున పెట్టాలి, అంటే చలికాలంలో దక్షిణాన. లేకపోతే మచ్చ స్టూలు కాళ్ల మధ్యకు పోతుంది. గాలికి కదలకుండా స్టూలు మీద రెండు ఇటుకలు పెట్టండి. ఆ తర్వాత సాయంత్రం దాకా దాన్నెవరూ ముట్టుకోకూడదు. పిల్లలున్న ఇల్లయితే ఇదే అన్నిటికన్నా కష్టమైన మెట్టు.

రంధ్రంలోంచి దారానికి కట్టిన చిన్న బరువు కిందికి వదలండి. అది చెక్కను తాకేచోట చుక్క పెట్టండి. మీ వృత్తాలన్నిటికీ కేంద్రం అదే.

వృత్తాలు, రెండు వేళలు

నడిమధ్యాహ్నం అంటే నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండే క్షణం, అవును. అయినా ఆ క్షణాన్ని నేరుగా చూసి పట్టుకోబోకండి. మధ్యాహ్నానికి అటూ ఇటూ చాలాసేపు నీడ పొడవు మారినట్టే కనిపించదు. 12:05కా, 12:12కా అన్నది తేలదు. చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు.

దీని బదులు శుల్బసూత్రాల (యాగవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథాల) కాలం నుంచి యాగశాలకు తూర్పు పడమరలు గుర్తించడానికి వాడిన పద్ధతి ఉంది. కేంద్రం చుట్టూ రకరకాల వ్యాసార్ధాలతో నాలుగైదు వృత్తాలు గీయండి. పొద్దున వెలుగు మచ్చ వృత్తాలకు బయట, పడమటి వైపు ఉంటుంది. ఎండ పైకెక్కేకొద్దీ లోపలికి జరుగుతూ ఒక్కో వృత్తాన్ని దాటుతుంది. మచ్చ మధ్యభాగం గీత మీదికి వచ్చిన క్షణంలో ఫోన్‌లో గంట, నిమిషం, సెకను చూసి రాసుకోండి, గీత మీద పెన్సిల్ చుక్క పెట్టండి. మధ్యాహ్నం తర్వాత అదే మచ్చ అవే వృత్తాలను తూర్పు వైపు నుంచి బయటికి దాటుతుంది. లోపలి వృత్తం ముందు, బయటిది చివర. ఆ వేళలూ రాసుకోండి.

పొద్దున నీడ తగ్గిన తీరూ మధ్యాహ్నం పెరిగిన తీరూ అద్దంలో బొమ్మలా ఒకటే. కాబట్టి ఒక వృత్తానికి వచ్చిన రెండు వేళలకు సరిగ్గా నడుమ ఉన్నదే నడిమధ్యాహ్నం. నవంబరులో 30 సెంటీమీటర్ల ఎత్తుకు, పది గంటల వేళ, నీడ నిమిషానికి ఒకటిన్నర మిల్లీమీటర్ల పైన కదులుతుంది, కాబట్టి దాటిన క్షణం కళ్లకు తెలుస్తుంది. అట్టను స్టూలు ఎత్తులో పెడితే ఇంకా వేగంగా కదులుతుంది. ఆ మధ్యలో సూర్యుడు ఉత్తరానికో దక్షిణానికో కొంచెం జరుగుతాడు, దానివల్ల వచ్చే తప్పు మన అక్షాంశాల్లో ఏడెనిమిది సెకన్లు దాటదు. వదిలేయండి.

ఫోన్ సెట్టింగ్స్‌లో వేళ నెట్‌వర్క్ నుంచి దానంతటదే వచ్చేలా ఉందో లేదో పొద్దునే చూసుకోండి. మబ్బు అడ్డొచ్చి ఒక వృత్తం తప్పిపోతే ఆ జంటను కొట్టేయండి, అందుకే నాలుగైదు గీశాం. వానాకాలంలో దీని జోలికి పోకపోవడమే మేలు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మే నెలలో కూడా అవుతుంది గానీ ఎండ సంగతి అటుంచి, సూర్యుడు నడినెత్తికి వచ్చేస్తాడు. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం నీడే ఉండదు. అప్పుడు మచ్చ స్టూలు అంచు కిందే తచ్చాడుతుంది.

సాయంత్రం ఒక్కో వృత్తం మీద ఉన్న రెండు చుక్కలనూ కలుపుతూ గీత గీయండి. అవి కచ్చితమైన తూర్పు పడమరలు. ఆ గీత నడిమి బిందువు నుంచి కేంద్రానికి ఇంకో గీత గీయండి. అదే మీ మధ్యాహ్న రేఖ. అటు ఉత్తర ధ్రువం, ఇటు దక్షిణ ధ్రువం దాకా పొడిగిస్తే గ్లోబు మీద చూసిన నిలువు గీత అదే. ఇల్లు కట్టేముందు దిక్కుల కోసం దిక్సూచి పట్టుకుని తగవులాడేవాళ్లకు కూడా ఈ గీతే సరైన ఉత్తరం చూపిస్తుంది, దిక్సూచి చూపేది అయస్కాంతపు ఉత్తరాన్ని.

సూర్యుడి పేచీ

వచ్చిన వేళను నేరుగా లెక్కలో పెడితే తప్పొస్తుంది. సూర్యుడు గడియారంలా నడవడు. భూమి కక్ష్య కాస్త కోలగా ఉంటుంది, జనవరిలో భూమి వేగంగా, జులైలో నెమ్మదిగా తిరుగుతుంది. పైగా అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉంటుంది. ఈ రెండూ కలిసి సూర్యుడి మధ్యాహ్నాన్ని కొన్ని నెలలు ముందుకు, కొన్ని నెలలు వెనక్కు నెడతాయి. దీన్నే కాల సమీకరణం అంటారు. గడియారం ఏడాది సగటు సూర్యుణ్ణి అనుసరిస్తుంది, మీరు చూసింది అసలు సూర్యుణ్ణి. కాబట్టి మీకు వచ్చిన మధ్యాహ్నం వేళకు ఈ సవరణ చేయాలి:

జనవరి 15: సుమారు 9 నిమిషాలు తీసేయండి
ఫిబ్రవరి 11: 14 నిమిషాల 15 సెకన్లు తీసేయండి
మార్చి 15: 9 నిమిషాలు తీసేయండి
ఏప్రిల్ 15: ఏమీ అక్కర్లేదు
మే 14: 3 నిమిషాల 40 సెకన్లు కలపండి
జూన్ 13: ఏమీ అక్కర్లేదు
జులై 26: 6 నిమిషాల 30 సెకన్లు తీసేయండి
సెప్టెంబరు 1: ఏమీ అక్కర్లేదు
అక్టోబరు 1: 10 నిమిషాల 15 సెకన్లు కలపండి
నవంబరు 3: 16 నిమిషాల 25 సెకన్లు కలపండి
డిసెంబరు 1: 11 నిమిషాలు కలపండి
డిసెంబరు 25: ఏమీ అక్కర్లేదు

మధ్య తేదీలకు అంచనా వేసుకోవచ్చు. ఫిబ్రవరి రెండో వారం, నవంబరు మొదటి వారం ఈ విలువ రోజుల తరబడి పెద్దగా మారదు, కాబట్టి తేదీ ఒకటి అటూ ఇటూ అయినా ఫరవాలేదు. డిసెంబరు చివర్లో మాత్రం రోజుకు అర నిమిషం చొప్పున మారిపోతుంది.

ఇది ఎంత పెద్ద తేడానో చూడండి. హైదరాబాద్‌లో నవంబరు 3న సూర్యుడు మధ్యాహ్నపు గీత దాటేది దాదాపు సరిగ్గా పన్నెండుకు. అదే ఫిబ్రవరి 11న 12:30కి. సవరణ చేయకుండా లెక్కేస్తే హైదరాబాద్ నవంబరులో తుని దగ్గర, ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని సాంగ్లీ ప్రాంతంలో కనిపిస్తుంది.

లెక్క

విజయవాడలో నవంబరు 3న చేశారనుకుందాం. ఒక వృత్తాన్ని మచ్చ పొద్దున 9:48:20కి, మధ్యాహ్నం 1:53:44కి దాటింది. మధ్యాహ్నం వేళను 13:53:44గా రాసుకోండి. రెండూ కలిపితే 23:42:04, సగం 11:51:02. ఇంకో వృత్తం 10:21:40, 13:20:10 ఇచ్చింది. మొత్తం 23:41:50, సగం 11:50:55. రెండిటి సగటు 11:50:59 అనుకోండి.

ఆ రోజు సవరణ 16 నిమిషాల 25 సెకన్లు కలపాలి. 12:07:24 వచ్చింది. అంటే విజయవాడ సగటు మధ్యాహ్నం పన్నెండు దాటిన 7 నిమిషాల 24 సెకన్లకు. 7 నిమిషాల 24 సెకన్లంటే 7.4 నిమిషాలు. 4తో భాగిస్తే 1.85 డిగ్రీలు. పన్నెండు దాటాక వచ్చింది కాబట్టి విజయవాడ ప్రామాణిక గీతకు పడమట ఉంది. 82.5 నుంచి 1.85 తీసేస్తే 80.65 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఊరి మ్యాపులో చూసుకోండి, అంతే ఉంటుంది.

శ్రీకాకుళం, విశాఖ వాళ్లకు సవరించిన వేళ పన్నెండుకు ముందే వస్తుంది. అప్పుడు ఎన్ని నిమిషాలు ముందో చూసి, 4తో భాగించి, 82.5కు కలపాలి. ఇచ్ఛాపురంలో తొమ్మిది నిమిషాల దాకా ముందు ఉంటుంది, అనంతపురంలో ఇరవై నిమిషాలు దాకా వెనక. ఒకే భాష మాట్లాడే నేల మీద సూర్యుడు దాదాపు అరగంట ప్రయాణం చేస్తాడు.

నిజంగా చేసినప్పుడు లెక్క ఇంత నున్నగా రాదు. వేర్వేరు వృత్తాలు ఇచ్చిన మధ్యాహ్నాలు పది, ఇరవై సెకన్ల తేడాలో ఉంటే పని బాగా జరిగినట్టు, మీ జవాబు ఊరి పొలిమేరల్లోనే ఎక్కడో ఉంటుంది. అన్నీ ఒకే దిక్కున తప్పుతూ, చిన్న వృత్తానికీ పెద్ద వృత్తానికీ జవాబు క్రమంగా మారుతూ పోతుంటే చెక్క సమంగా లేదనో, కేంద్రం చుక్క జరిగిందనో అర్థం. ఒక్క వృత్తమే వేరుగా ఉంటే వేళ రాసుకోవడంలో తప్పు. అరనిమిషం తప్పినా బెంగలేదు: 1714 నాటి చట్టం అడిగింది రెండు నిమిషాలే. కాకపోతే వాళ్లు అడిగింది ఊగే ఓడ మీద.

అంకె చేతికొచ్చాక దాన్ని రాయడం

ఇక్కడ జరిగే పొరపాట్లు స్టూలు దగ్గర జరిగేవాటి కన్నా పెద్దవి. 78.30 డిగ్రీలు వేరు, 78 డిగ్రీల 30 కోణ నిమిషాలు వేరు. డిగ్రీకి 60 కోణ నిమిషాలు గనక, రెండోది 78.5. ఈ రెండిటి మధ్య మన దగ్గర 21 కిలోమీటర్లు ఉన్నాయి. ఫోన్ మ్యాపులు దశాంశాల్లో చూపిస్తాయి, పడవల్లో వాడే జీపీఎస్ పరికరాలు తరచుగా డిగ్రీలు, కోణ నిమిషాలు, ఆ నిమిషాల్లో దశాంశాలు చూపిస్తాయి. ఒకరి దగ్గర రాసుకున్నది ఇంకొకరి పరికరంలో కొట్టేముందు ఏ పద్ధతో అడగండి. కోణ నిమిషాలను 60తో భాగించి డిగ్రీలకు కలిపితే దశాంశం వస్తుంది, వెనక్కు రావాలంటే దశాంశ భాగాన్ని 60తో గుణించాలి.

సముద్రంలో ఇది పాఠ్యపుస్తకం సంగతి కాదు. దేశాల మధ్య సరిహద్దు నీళ్ల మీద కనిపించదు, తెర మీద అంకెలే దాన్ని చెబుతాయి. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను తమ జలాల్లోకి వచ్చారని పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్లలో ఎక్కువమంది ఇల్లు చేరింది 2020 జనవరిలో.

రాసేటప్పుడు అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత. తెలుగు రాష్ట్రాల్లో అక్షాంశం 12 నుంచి 20 లోపు, రేఖాంశం 76 నుంచి 85 లోపు ఉంటుంది. కాబట్టి తారుమారైతే చూడగానే తెలుస్తుంది. తారుమారు చేసి కొడితే ఫోన్ మిమ్మల్ని ఆర్కిటిక్ వైపు తీసుకుపోతుంది. తూర్పుకు గుర్తు అక్కర్లేదు, పడమటి రేఖాంశానికి ముందు మైనస్ పెట్టాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ల చిరునామాలకు అది మరచిపోతే చైనాలో తేలతారు.

ఇంకో చిన్న విషయం, గ్రీనిచ్ వెళ్లేవాళ్ల కోసం. అక్కడ నేల మీద పరిచిన గీత మీద నిలబడి ఫోన్ తీస్తే సున్నా చూపించదు. జీపీఎస్ వాడే సున్నా గీత అక్కడికి తూర్పున సుమారు 102 మీటర్ల దూరంలో, పార్కులో ఉంది. 1884లో వాషింగ్టన్‌లో దేశాలు కూర్చుని గ్రీనిచ్‌ను సున్నాగా ఒప్పుకున్నప్పుడు కొలతలు నక్షత్రాలను, స్థానిక గురుత్వాన్ని పట్టి ఉండేవి. ఉపగ్రహాలు భూమి కేంద్రం నుంచి కొలుస్తాయి. ఏ మోసమూ లేదు, ఫొటో మాత్రం కాస్త పాడవుతుంది.

ఇద్దరు కలిసి చేస్తే

ఒక్కరే చేసేదాని కన్నా ఇది బాగుంటుంది. ఇంకో ఊళ్లో ఉన్న స్నేహితుణ్ణో చెల్లెల్నో అదే రోజు చేయమనండి. ఇద్దరూ మీ మీ మధ్యాహ్నాల వేళలు చెప్పుకోండి. ఇద్దరూ చూసింది ఒకే సూర్యుణ్ణి గనక పైన ఇచ్చిన పట్టిక అవసరమే లేదు, సవరణ రెండు వైపులా కొట్టుకుపోతుంది. హైదరాబాద్‌లో మీరు, విశాఖలో వాళ్లు అయితే తేడా 19 నిమిషాలకు దగ్గరగా వస్తుంది. 4తో భాగిస్తే 4.7 డిగ్రీల ప్రాంతం. డిగ్రీకి 106 కిలోమీటర్ల చొప్పున రెండు ఊళ్ల మధ్య తూర్పు పడమరల దూరం సుమారు 500 కిలోమీటర్లు. రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి విమానం వెళ్లే దూరం కూడా అంతే.

డాలస్‌లో ఉన్న బంధువుతో అయితే సరదా ఎక్కువ. తిథి ముగిసే క్షణం భూమ్మీద అందరికీ ఒకటే, గడియారాలే వేరు. ఇక్కడ తెల్లవారుజామున 5 గంటలకు ముగిసిన తిథి చలికాలంలో డాలస్ గడియారం ప్రకారం ముందు రోజు సాయంత్రం ఐదున్నరకు ముగుస్తుంది. పండగ ఏ రోజన్నది అక్కడి సూర్యోదయాన్ని పట్టి తేల్చాలి. అందుకే వాళ్ల పండగ ఒక్కోసారి మన కన్నా ఒక రోజు ముందు వస్తుంది. ఇక్కడి పంచాంగం చూసి అక్కడ పండగ చేసుకోకూడదని పెద్దలు అనేది ఇందుకే.

డిసెంబరు 25న ఇద్దరూ కొలిచారనుకోండి. హైదరాబాద్‌లో 12:16. డాలస్‌లో వాళ్ల గడియారం ప్రకారం 12:27. వాళ్ల చలికాలపు వేళ మన కన్నా 11 గంటల 30 నిమిషాలు వెనక, కాబట్టి వాళ్ల 12:27 మనకు రాత్రి 11:57. రెండు మధ్యాహ్నాల మధ్య 11 గంటల 41 నిమిషాలు, అంటే 701 నిమిషాలు. 4తో భాగిస్తే 175.25 డిగ్రీలు. అందులోంచి మన తూర్పు రేఖాంశం 78.5 తీసేస్తే 96.75 డిగ్రీల పడమర. డాలస్ ఉన్నది అక్కడే. ఈ పని వేసవిలో చేస్తే మాత్రం వాళ్లు గడియారాన్ని గంట ముందుకు జరుపుకున్నారా లేదా అడగండి. ఆ గంట తీసేయడం మరిస్తే 15 డిగ్రీలు పోయి, వాళ్ల ఇల్లు అరిజోనాలో ఫీనిక్స్ పక్కన తేలుతుంది.